హైవే మీద హైబ్రిడ్ ఎస్‌యూవీ ఎంత ఇస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లు, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు బండిని ఒంటరిగా కూడా లాగగల కరెంటు మోటారు ఉన్న బండ్లు, 2022లో వచ్చాయి. వాటి వెనకే ఇన్నోవా హైక్రాస్, ఇన్విక్టో, 2025లో విక్టోరిస్ దిగాయి. కొత్త బండి మాట వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇదే చర్చ. సిటీలో బాగా ఇస్తుందని అందరూ ఒప్పుకుంటారు. ఊరెళ్ళేటప్పుడు ఎంత అనేసరికి ఒకరు లీటరుకి 25 కిలోమీటర్లు అంటారు, ఇంకొకరు 17 అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే మీ బండి ఎంత ఇస్తుందో మీరే చెప్పుకోవచ్చు.

హైరైడర్, గ్రాండ్ విటారాకి కంపెనీ 27.97 అని చెప్పింది. హైవేలో అంత వస్తుందా?

రాదు. ఆ అంకె రోడ్డు మీద తీసింది కాదు. బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి, ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి తీస్తారు. ఆ పరీక్ష మొత్తం 20 నిమిషాల్లోపే అయిపోతుంది. నడిచే దూరం దాదాపు పదిన్నర కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 32 చిల్లర. గరిష్ఠంగా 90 తాకుతుంది, అదీ చివర్లో కాసేపు. ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం అందులో ఎక్కువ. హైబ్రిడ్‌కి పుట్టిల్లు లాంటి పరీక్ష అది. ఎదురుగాలి లేదు, డిక్కీలో సామాను లేదు, వెనక సీట్లో ముగ్గురు లేరు.

నిజం రోడ్డు మీద హైరైడర్, గ్రాండ్ విటారా తరహా బండికి నేను చూసినంతలో, తోటి ఓనర్లు చెప్పినంతలో లెక్క ఇలా ఉంటుంది. 80, 90 మధ్య నిలకడగా పోతే 22 నుంచి 25. నూరు పట్టుకుంటే 20 అటూ ఇటూ. 110 దాటించి అక్కడే ఉంచితే 16 నుంచి 18. హైక్రాస్ పెద్ద బండి, రెండు లీటర్ల ఇంజన్. కంపెనీ 23.24 అంటుంది, నూరు దగ్గర 16, 17 వస్తే సంతోషించాలి.

మామూలు పెట్రోలు బండ్లు హైవేలో ఎక్కువిస్తాయి కదా. హైబ్రిడ్‌కి మాత్రం తిరకాసేంటి?

తిరకాసు లేదు. మామూలు బండి సిటీలో పెట్రోలు వృథా చేస్తుంది, హైవే ఎక్కితే ఆ వృథా తగ్గుతుంది, అందుకని మైలేజీ పెరుగుతుంది. హైబ్రిడ్ సిటీలోనే ఆ వృథాని ఆపేస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతుంది. బ్రేక్ వేస్తే వేడిగా పోవాల్సిన శక్తిని మోటారు కరెంటుగా మార్చి బ్యాటరీలో వేస్తుంది. మళ్ళీ కదిలేటప్పుడు ఆ కరెంటే బండిని లాగుతుంది. హైవేలో సిగ్నళ్ళు లేవు, బ్రేకులు తక్కువ. అంటే అది మిగిల్చేందుకు అక్కడ పెద్దగా ఏమీ ఉండదు.

అమెరికాలో ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ మైలేజీ స్టిక్కర్ సిటీకి, హైవేకి వేరువేరు అంకెలిస్తుంది కాబట్టి అక్కడి లెక్క చూస్తే విషయం కళ్ళకు కడుతుంది. 2022 టయోటా రావ్4 మామూలు పెట్రోలు బండికి సిటీలో గ్యాలన్‌కి 27 మైళ్ళు, హైవేలో 35. అదే రావ్4 హైబ్రిడ్‌కి సిటీలో 41, హైవేలో 38. మన లెక్కలోకి మారిస్తే సిటీలో లీటరుకి 11.5 ఇచ్చేది 17.4కి చేరింది, సగానికి సగం పైగా లాభం. హైవేలో 14.9 నుంచి 16.2కి వచ్చింది, పది శాతం కూడా లేదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్.

ఆ పది శాతంలోపు లాభం కూడా బ్యాటరీ పుణ్యం కాదు, చాలావరకు ఇంజన్ పుణ్యం. హైబ్రిడ్లలో అట్కిన్‌సన్ పద్ధతి ఇంజన్ వాడతారు. పీల్చుకున్న గాలిలో కొంత వెనక్కి వదిలేసి, మండిన వాయువు వ్యాకోచించే దూరాన్ని ఎక్కువ ఉంచుతారు. బలం తగ్గుతుంది గానీ ప్రతి చుక్కనీ బాగా పిండుకుంటుంది. తగ్గిన బలాన్ని మోటారు పూడుస్తుంది. మూడు సిలిండర్ల ఒకటిన్నర లీటర్ల ఇంజన్ ఒక్కటే 92 హార్స్‌పవర్, మోటారు కలిస్తే 115 అవుతుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది.

ఇంకో చిన్న సంగతి. టయోటా పద్ధతిలో ఇంజన్ శక్తి కొంత నేరుగా చక్రాలకు, కొంత కరెంటుగా మారి మోటారు ద్వారా చక్రాలకు చేరుతుంది. అలా మార్చిన ప్రతిసారీ కొంత నష్టం. వేగం పెరిగిన కొద్దీ ఈ నష్టం కనిపిస్తుంది. హోండా వాళ్ళు సిటీ హైబ్రిడ్ సెడాన్‌లో హైవే వేగంలో ఇంజన్‌ని క్లచ్‌తో నేరుగా చక్రాలకు తగిలించేది ఇందుకే.

అంత పెద్ద బ్యాటరీ పెట్టుకుని హైవేలో కాసేపైనా కరెంటు మీద నడవదా?

పెద్ద బ్యాటరీ అనుకోవడంలోనే ఉంది చిక్కు. హైరైడర్, గ్రాండ్ విటారాలో ఉన్నది 0.76 కిలోవాట్ అవర్. మన కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్. అందులోనూ బ్యాటరీ మన్నిక కోసం పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు, మధ్యలో సగం భాగాన్నే వాడుకుంటుంది. నూరు వేగంలో ఇలాంటి బండికి గాలిని చీల్చుకు పోవడానికి, టైర్లు దొర్లడానికి సుమారు 15 కిలోవాట్లు కావాలి. అంటే ఆ నిల్వ నిమిషం, నిమిషంన్నరకి సరి.

అయినా డ్యాష్‌బోర్డులో ఆకుపచ్చ ఈవీ గుర్తు హైవేలో కూడా మాటిమాటికీ వెలుగుతుంది. చిన్న పల్లం వచ్చి కాలు వదలగానే ఇంజన్ ఆగుతుంది, టాకోమీటర్ స్థానంలో ఉండే పవర్ మీటరు ముల్లు ఛార్జ్ వైపు వాలుతుంది, మళ్ళీ ఎత్తు రాగానే ఇంజన్ లేస్తుంది. ట్రిప్ అయ్యాక 'ఈవీలో నడిచిన శాతం' అని చూపించే అంకె చూసి మురిసిపోయేవాళ్ళు ఉన్నారు. హైవేలో ఆ అంకెకి పెద్ద విలువ లేదు. ఆ కరెంటు కూడా పెట్రోలు నుంచి వచ్చిందే.

అయితే ఏ వేగం మంచిది?

గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 80 దగ్గర ఉన్న గాలి దెబ్బ నూరు దగ్గర ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 120 దగ్గర రెండుంపావు రెట్లు అవుతుంది. ఎస్‌యూవీ ముందు భాగం నిటారుగా, వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది కాబట్టి సెడాన్ కంటే ఈ దెబ్బ దానికి ఎక్కువ తగులుతుంది. హైబ్రిడ్ అయినా గాలికి తెలియదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. టోల్ గేట్లు, ఊళ్ళు, పనులు జరుగుతున్న చోట్లు తీసేస్తే వేగంగా పోగలిగేది 180 కిలోమీటర్లు అనుకుందాం. దాన్ని 90 మీద పోతే రెండు గంటలు, 110 మీద పోతే గంటా 38 నిమిషాలు. మిగిలేది 22 నిమిషాలు. 90 మీద 22, 110 మీద 18 ఇస్తే, ఆ 180 కిలోమీటర్లకి 8.2 లీటర్ల బదులు 10 లీటర్లు తాగుతుంది. లీటరు 108 రూపాయల లెక్కన దాదాపు రెండొందలు. ఇరవై రెండు నిమిషాలకి రెండొందలు ఎక్కువా తక్కువా అన్నది మీ ఇష్టం. నా మటుకు 90, 95 మధ్య ఉంచుతాను, మైలేజీ కోసం కంటే ఆ వేగంలో మూడు సిలిండర్ల ఇంజన్ మోత తక్కువ అని.

హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద 120 దాకా అనుమతి ఉంది కదా అని 120 మీదే ఉంచితే, శంషాబాద్ నుంచి పెద్దఅంబర్‌పేట వచ్చేలోపే సగటు ఎలా కరుగుతుందో తెర మీద చూడొచ్చు.

విజయవాడ వెళ్ళేటప్పుడు 23 వచ్చింది, తిరుగు ప్రయాణంలో 20. బండిలో ఏదైనా లోపమా?

లోపం లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంటుంది. విజయవాడ 20 మీటర్ల దగ్గర. రోడ్డు చదునుగా అనిపించినా వెళ్ళేటప్పుడు మీరు మొత్తం మీద అర కిలోమీటరు కిందికి దిగుతున్నారు, వచ్చేటప్పుడు అర కిలోమీటరు ఎక్కుతున్నారు. మనుషులతో, సామానుతో కలిపి 1,700 కిలోల బండిని అంత ఎత్తుకి లేపడానికి, ఇంజన్ సామర్థ్యం కూడా లెక్కలోకి తీసుకుంటే, ముప్పావు లీటరు పెట్రోలు కావాలి. వెళ్ళేటప్పుడు ఆ ముప్పావు లీటరు మిగులుతుంది, వచ్చేటప్పుడు అదనంగా పడుతుంది. అటూ ఇటూ లీటరున్నర తేడా. పన్నెండున్నర లీటర్ల ప్రయాణంలో 23, 20 రావడానికి అది చాలు.

బెంగళూరు వెళ్ళేవాళ్ళకి ఇది తిరగబడుతుంది. ఆ ఊరు 900 మీటర్ల పైన ఉంది కాబట్టి వెళ్ళేటప్పుడే తక్కువిస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా 27 వచ్చిందని స్క్రీన్‌షాట్ పెడితే, ఎటు నుంచి ఎటు వెళ్ళారో ముందు అడగండి.

గాలి కూడా చూసుకోవాలి. నైరుతి రుతుపవనాల నెలల్లో గాలి పడమటి వైపు నుంచి వీస్తుంది. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లు ఉందంటే, 90 మీద పోతున్న బండికి 110 మీద పోతున్నంత గాలి తగులుతుంది. స్పీడోమీటరు మాత్రం 90 అనే చూపిస్తుంది. అనంతపురం చుట్టుపక్కల గాలిమరలు ఊరికే పెట్టలేదు.

సంక్రాంతికి విజయవాడ హైవేలో పంతంగి టోల్ గేటు దగ్గర గంటలు గంటలు ఆగిపోతాం. అప్పుడు?

అప్పుడే ఈ బండి కొన్నందుకు హాయిగా ఉంటుంది. పండక్కి ముందు రెండు రోజులు ఎల్‌బీ నగర్ నుంచి చౌటుప్పల్ దాకా బంపర్‌కి బంపర్ కదులుతుంది. మామూలు బండి ఏసీ వేసుకుని నిలబడితే గంటకు లీటరు దాకా తాగేస్తుంది, అడుగు కదలకుండా. హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ కరెంటు మీద నడుస్తుంది. ఇంజన్ ఆగే ఉంటుంది, ఏసీ చల్లగానే వస్తుంది, బండి కరెంటు మీద పాకుతుంది. బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజన్ తనంతట తనే లేచి, నాలుగైదు నిమిషాలు నింపి, మళ్ళీ పడుకుంటుంది. ఆ ఇంజన్ తిరుగుతున్న కాసేపు కూడా ఊరికే తిరగదు, బ్యాటరీ నింపే పని మీద ఉంటుంది.

పిల్లలున్న కుటుంబానికి మైలేజీ కంటే ఇది పెద్ద సుఖం. సంక్రాంతి రోజు ఖాళీ రోజు కంటే ఎక్కువ మైలేజీ వచ్చిందని చెబితే డీజిల్ బండి బంధువులు నమ్మరు, కానీ జరుగుతుంది. టోల్ దాకా పాకుతూ వెళ్ళిన రెండు గంటల్లో వేగం నలభై దాటి ఉండదు కదా.

తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లలో ఎలా ఉంటుంది?

ఎక్కేటప్పుడు ఏ బండైనా తాగుతుంది, ఇదీ తాగుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ ఒకే స్థాయిలో అరుస్తూ ఉంటుంది, వేగం మాత్రం మెల్లగా పెరుగుతుంది. గేర్లు మారిన కుదుపు ఉండదు కాబట్టి కొత్తవాళ్ళకి బండి కష్టపడుతున్నట్టు అనిపిస్తుంది. దాని తీరే అంత.

దిగేటప్పుడు అసలు కథ. తిరుమల నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్ల దిగుడు. అంత ఎత్తు నుంచి నిండు బండి దిగుతుంటే మూడు యూనిట్లకి పైగా శక్తి విడుదలవుతుంది. మన బ్యాటరీలో ఖాళీ ఉన్నది మహా అయితే మూడో వంతు యూనిట్. అందుకని మొదటి కొన్ని మలుపుల్లోనే బ్యాటరీ గీతలన్నీ నిండిపోతాయి. ఆ తర్వాత వచ్చే కరెంటుకి చోటు లేదు. అప్పుడు బండి ఇంజన్‌ని పెట్రోలు లేకుండా ఊరికే తిప్పి, ఆ బిగువుతో వేగాన్ని ఆపుతుంది. కాలు యాక్సిలరేటర్ మీద లేకపోయినా ఇంజన్ ఒక్కసారిగా హోరెత్తుతుంది. ఘాట్ మధ్యలో బండి ఆపి బానెట్ ఎత్తి చూసుకునేవాళ్ళు దీనికి భయపడే. భయం అక్కర్లేదు, ఆ సమయంలో చుక్క పెట్రోలు ఖర్చు కాదు.

దిగుడు మొదలవగానే గేర్ లివర్ని వేగాన్ని పట్టి ఉంచే బి స్థానంలో వేయండి. బ్రేకులు వేడెక్కవు. చదును రోడ్డు మీద మాత్రం బి లో ఉంచకండి, కాలు వదిలినప్పుడల్లా బండి అనవసరంగా బిగుస్తుంది, దొర్లాల్సిన దూరం పోతుంది. కొండ కింద నిండు బ్యాటరీతో ఊళ్ళోకి వస్తారు కాబట్టి రెండు మూడు కిలోమీటర్లు ఇంజన్ లేవకుండా పోవచ్చు. దేవుడి దయ కాదు, మీరు ఎక్కేటప్పుడు కట్టిన బాకీలో కొంత తిరిగొచ్చింది.

ఏసీ ఆపేస్తే మైలేజీ పెరుగుతుందా?

హైవేలో పెద్దగా పెరగదు. మే నెల ఎండలో ఏసీకి ఒకటి రెండు కిలోవాట్లు పోతాయి, బండికి కావలసిన 15తో పోలిస్తే అది ఎంత? అద్దాలు దించి 90 మీద పోతే గాలి లోపలికి చొరబడి బండిని పట్టి లాగుతుంది, మిగిలినదాంట్లో కొంత అక్కడ పోతుంది. ఎండలో నిలబెట్టిన బండిని మొదట రెండు నిమిషాలు అద్దాలు దించి నడిపి, వేడి బయటికి పోయాక ఏసీ వేసుకోండి. చాలు.

పైన క్యారియర్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, ఖర్చు తెలిసి. హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్లలో బ్యాటరీ వెనకే ఉంటుంది కాబట్టి డిక్కీ చిన్నది. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, పచ్చళ్ళ జాడీలు, కొబ్బరికాయల సంచీ అన్నీ అందులో పట్టవు. అప్పుడు పైన కట్టాలనిపిస్తుంది. లోపల యాభై కిలోలు ఎక్కువైతే హైవేలో మైలేజీ మీద తేడా తెలీదు. ఆ యాభై కిలోలే పైన టార్పాలిన్ కట్టి పెడితే గాలికి గోడ కట్టినట్టే, లీటరుకి రెండు మూడు కిలోమీటర్లు పోవచ్చు. సామాను దింపాక ఖాళీ క్యారియర్ కూడా తీసేయండి, అది ఊరికే ఉన్నా గాలిని పట్టుకుంటుంది.

ఇంకో జాగ్రత్త. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీ చల్లబడటానికి గాలి పీల్చుకునే జాలీ వెనక సీటు పక్కనో కిందో ఉంటుంది. దాని మీద దుప్పట్లు, సంచులు కుక్కితే బ్యాటరీ వేడెక్కుతుంది. వేడెక్కిన బ్యాటరీ కరెంటు తీసుకోవడం, ఇవ్వడం తగ్గిస్తుంది, ఆ భారం ఇంజన్ మీద పడుతుంది. ఆ జాలీ వెనక ఫిల్టరుంటే సర్వీసులో శుభ్రం చేయించండి. మన దుమ్ముకి అది త్వరగా మూసుకుపోతుంది.

తెర మీద చూపించే మైలేజీని నమ్మొచ్చా?

పోల్చుకోవడానికి నమ్మండి, పందేలకి వద్దు. తెర సాధారణంగా కాస్త ఎక్కువే చూపిస్తుంది. సరైన పద్ధతి పాతదే. ట్యాంకు నింపించి, గన్ను మొదటిసారి తనంతట తను ఆగగానే చాలనండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. తిరిగొచ్చాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్ళీ మొదటి కట్ దాకా నింపించండి. కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. 'సార్, రౌండ్ ఫిగర్ చేద్దామా' అంటే వద్దనండి, లెక్క అక్కడే పాడవుతుంది.

ఒక్క వైపు ప్రయాణానికి ఈ లెక్క వేయొద్దు. 270 కిలోమీటర్లకి 12.4 లీటర్లు పట్టిందనుకోండి, 21.8. గన్ను ఒక లీటరు ఆలస్యంగా ఆగితే అదే ప్రయాణం 20.1 అవుతుంది. పైగా ఎత్తుపల్లాల సంగతి పైన చెప్పాం. రాను పోను కలిపి చూస్తే రెండు లోపాలూ తగ్గుతాయి.

ఈ20 పెట్రోలు వచ్చాక తగ్గిందంటున్నారు. నిజమేనా?

నిజమే, అయితే సగానికి సగం పడిపోయిందనే మాటలు కాదు. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. ఈ20లో లాగా ఐదో వంతు ఇథనాల్ కలిపితే మొత్తం మీద శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. ఇదివరకే పది శాతం కలిపిన పెట్రోలు పోస్తున్నాం కాబట్టి దానితో పోలిస్తే తేడా అందులో సగం. ఈ20కి తగ్గట్టు తయారైన బండ్లలో ఒకటి రెండు శాతం, మిగతావాటిలో మూడు నుంచి ఆరు శాతం తగ్గుతుందని 2025లో పెట్రోలియం శాఖే చెప్పింది. 22 ఇచ్చే బండి 21 ఇస్తే దీని ఖాతాలో రాయండి. 22 ఇచ్చేది 17 ఇస్తే వేగమో టైర్లో చూసుకోండి.

టైర్లలో నైట్రోజన్ పోయిస్తే?

మామూలు గాలి చాలు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. గాలి ఎంత ఉందన్నదే లెక్క. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరుంటుంది, నిండు బండికి ఎంత అన్నది కూడా అందులోనే. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. సూర్యాపేటలో టిఫిన్ కోసం ఆగినప్పుడు చూపిస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీయించుకోవద్దు.

మైల్డ్ హైబ్రిడ్ కూడా హైబ్రిడ్డే కదా?

పేరులో ఉంది గానీ పనిలో లేదు. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ అని రాసుకునే వాటిలో మోటారు ఇంజన్‌కి కాస్త చెయ్యి అందిస్తుంది, సిగ్నల్ దగ్గర ఆపి లేపుతుంది. ఒంటరిగా బండిని కదపలేదు. హైవేలో దాన్ని మామూలు పెట్రోలు బండిగానే లెక్కేసుకోండి. బండి కొనేటప్పుడు బుకింగ్ ఫారం మీద ఏ వేరియంట్ రాశారో చూసుకోండి, సేల్స్ కుర్రాడి నోట రెండూ హైబ్రిడ్డే.

ఎక్కువగా హైవేనే తిరుగుతాం. డీజిల్ మేలా?

కేవలం రూపాయల్లో చూస్తే దాదాపు సమానం. డీజిల్ లీటరు 96, బండి 18 ఇస్తే కిలోమీటరుకి 5 రూపాయల 33 పైసలు. పెట్రోలు 108, హైబ్రిడ్ 20 ఇస్తే 5 రూపాయల 40. వేగం 110 దాటే కొద్దీ డీజిల్‌దే పైచేయి. ఏడుగురు ఎక్కి, పైన సామాను కట్టి, వారానికి రెండుసార్లు కర్నూలు, అనంతపురం తిరిగే వ్యాపారస్తుడికి నేనైతే డీజిలే చెబుతాను. వారమంతా హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో నలిగి, నెలకోసారి ఊరెళ్ళే ఉద్యోగికి హైబ్రిడ్. డీజిల్ బండిని రోజూ నాలుగు కిలోమీటర్ల ఆఫీసుకి తిప్పితే పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు, డీపీఎఫ్, మూసుకుపోయి వేరే ఖర్చు పెడుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

హైబ్రిడ్‌కి ఎక్కువ పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది?

అదే బండి ఆటోమేటిక్ పెట్రోలుకి, హైబ్రిడ్‌కి రెండు లక్షల తేడా అనుకుందాం. వేరియంట్‌ని బట్టి మీ తేడా మీరు వేసుకోండి.

హైవేలో పెట్రోలు బండి 16, హైబ్రిడ్ 20 ఇస్తే నూరు కిలోమీటర్లకి లీటరుంపావు మిగులుతుంది, 135 రూపాయలు. రెండు లక్షలు రాబట్టాలంటే లక్షా 48 వేల కిలోమీటర్లు తిరగాలి. సిటీలో పెట్రోలు బండి 12, హైబ్రిడ్ 21 ఇస్తే నూరు కిలోమీటర్లకి మూడున్నర లీటర్లు, 386 రూపాయలు మిగులుతాయి. 52 వేల కిలోమీటర్లకే డబ్బు చేతికొస్తుంది. హైవే కోసమే హైబ్రిడ్ కొంటాను అనేవాళ్ళకి ఈ రెండు అంకెలు చూపిస్తే చాలు. బ్యాటరీకి మారుతి, టయోటా ఇచ్చే వారంటీ 8 ఏళ్ళు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు. హైవే మీద మాత్రమే తిరిగితే లాభం మొదలయ్యేది దాదాపు వారంటీ అయిపోయే వేళకి.

ఎకో మోడ్, క్రూయిజ్ కంట్రోల్ వాడాలా?

ఎకో మోడ్ యాక్సిలరేటర్‌ని మెత్తబరుస్తుంది, ఏసీని కొంచెం తగ్గిస్తుంది. తొక్కే కాలు మీదే అయినప్పుడు అది చేసేది తక్కువ. క్రూయిజ్ చదును రోడ్డు మీద బాగుంటుంది. ఎత్తుపల్లాల్లో మాత్రం పెట్టిన వేగం నిలబెట్టాలని ఎత్తులో ఇంజన్‌ని అరిపిస్తుంది. మనిషైతే ఎత్తులో ఐదు తగ్గనిచ్చి, పల్లంలో రాబట్టుకుంటాడు. ముందు లారీ వెనక లైట్లు వెలగడం దూరం నుంచే చూసి కాలు తీసేయడం అన్నిటికంటే పనికొస్తుంది. మెల్లగా ఆగితే శక్తి బ్యాటరీలోకి పోతుంది, ఒక్కసారిగా గట్టిగా తొక్కితే బ్రేక్ ప్యాడ్లలో వేడిగా పోతుంది.

ఒక ట్యాంకుతో వైజాగ్ చేరతామా?

చేరతారు. హైరైడర్, గ్రాండ్ విటారా ట్యాంకు 45 లీటర్లు. 20 లెక్కన 900 అవుతుంది, చివరి ఐదారు లీటర్లు ముట్టుకోకుండా 750 పైన ధైర్యంగా పోవచ్చు. హైదరాబాద్ నుంచి విశాఖ 620 చిల్లర, బెంగళూరు 570 దగ్గర. 120 మీద పోతే మాత్రం రాజమండ్రి దాటాక బంకు వెతుక్కునే పని పడొచ్చు.

అమెరికాలో ఉంటాం. డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్తే రావ్4 హైబ్రిడ్‌కి స్టిక్కర్ మీద ఉన్న 38 రావడం లేదు.

టెక్సాస్ ఇంటర్‌స్టేట్ల మీద 75 మైళ్ళ వేగం మామూలు. అంటే మన 120. పైన చెప్పిన గాలి లెక్కే అక్కడా. 65 మీద పోతే స్టిక్కర్ అంకె వస్తుంది గానీ వెనక వచ్చే ట్రక్కులు ఊరుకోవు. 33, 35 వస్తే బండి బాగానే ఉన్నట్టు. న్యూజెర్సీ, షికాగో వైపు వాళ్ళకి చలికాలంలో ఇంకా తగ్గుతుంది. హీటర్‌కి కావలసిన వేడి ఇంజన్ నుంచే రావాలి కాబట్టి ఆగాల్సిన చోట కూడా ఇంజన్ ఆగదు, చల్లటి గాలి చిక్కగా ఉండి ఎక్కువ అడ్డుకుంటుంది.

రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టాలా?

వద్దు, పెట్టడానికి సాకెట్ కూడా ఉండదు. ఛార్జింగ్ పెట్టేవి ప్లగిన్ హైబ్రిడ్లు, అవి వేరే జాతి.

పెట్రోలు అయిపోతే బ్యాటరీ మీద బంకు దాకా పోవచ్చా?

ముప్పావు యూనిట్ బ్యాటరీ అని చెప్పుకున్నాం. ఒకటి రెండు కిలోమీటర్లు పాకితే గొప్ప, ఆ తర్వాత హైబ్రిడ్ బ్యాటరీ అడుగంటితే పెట్రోలు పోసినా ఇంజన్ లేవకపోవచ్చు. ఎందుకంటే ఆ ఇంజన్‌ని లేపేది మామూలు స్టార్టర్ కాదు, ఆ బ్యాటరీయే. పెట్రోలు లైటు వెలిగాక నకిరేకల్‌లో దాటేసి సూర్యాపేటలో చూద్దాం అనుకోవద్దు.